దాచుకోవాల్సింది ఏమన్నా ఉండాదా?

మా కంప్యూటర్ సార్ పోయారని పామిడి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను అనంతపురంలో ఆఫీసులో ఉన్నాను. గుండెపోటు. నేను చేరేసరికి మట్టి చేసి వచ్చేశారు.

మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. డిగ్రీ చదువుతూ సార్ సెంటర్‌లో చేరాను. సార్‌దీ కలిపి నాలుగు కంప్యూటర్ మిషన్లు, దుమ్ము పడకుండా ఒక్కోదానికీ ఒక తుండుగుడ్డ. వేరుశనగ పీకే రోజుల్లో నాలాంటి ఆడపిల్లలకు క్లాసులు పోయేవి. అందుకని సార్ మైకు పెట్టుకుని పాఠాలు తన మిషన్‌లో రికార్డు చేసేవారు. "చెనిక్కాయలు పీకొచ్చి ఇను పాపా, పాఠం యాడికీ పోదు" అనేవారు.

కరెంటు వస్తూ పోతూ మిషన్లు తరచూ మొరాయించేవి. అప్పుడు సార్ విండోస్ సీడీ తీసేవారు. పాతదంతా చెరిపి మళ్ళీ కొత్తగా ఎక్కించడమే. కానీ చెరిపే మీట ఆయన నొక్కేవారు కాదు. మిషన్ ఎవరిదో వాళ్ళనే కుర్చీలో కూర్చోబెట్టి, "దాచుకోవాల్సింది ఏమన్నా ఉండాదా?" అని మూడుసార్లు అడిగేవారు. ఒక్కసారి ఉండాదన్నా సీడీ బయటికి.

ఒకరోజు నేను అడక్కుండానే నొక్కేశాను. బాగుచెయ్యమని ఒక టైలరన్న తెచ్చిన కంప్యూటర్ అది. ఆయన కూతురి పెళ్ళి ఫోటోలన్నీ పోయాయి. సార్ తిట్టలేదు. "పోయి నువ్వే చెప్పి రా" అన్నారు. ఆ అన్న అంగడికి పోయి, చెరిపింది నేనేనని చెప్పి వచ్చాను.

దినాలయ్యాక సార్ భార్య నన్ను సెంటర్‌కు పిలిచింది. సార్ మిషన్ నల్లతెర దగ్గరే ఆగిపోతోంది.

"మీ సార్ గొంతు దీంట్లో ఉండాది కదమ్మా. ఆ సీడీ యేసి లేపు. మీ సార్ ఎన్నిటిని లేపలా?"

డిస్కు విప్పి పక్క మిషన్‌కు తగిలించి చూశాను. అనంతపురం తీసుకుపోయి తెలిసినవాళ్ళకు చూపించాను. పాఠాలున్న భాగం ఎవరికీ తెరుచుకోలేదు. అన్నీ డి డ్రైవ్‌లో పెట్టుకోమని మాకు రోజూ చెప్పిన మనిషి, తన పాఠాలు మాత్రం డెస్క్‌టాప్ మీదే ఉంచుకున్నారు. కొత్తగా ఎక్కించినా డి డ్రైవ్ మిగులుతుంది, చెరిగిపోయేది డెస్క్‌టాపే.

"సీడీ యేస్తే మిషన్ లేస్తాదక్కా. సార్ గొంతు మాత్రం ఉండదు" అన్నాను.

"నువ్వు సదువుకున్న్యావు కదమ్మా?"

డిస్కు మళ్ళీ సార్ మిషన్‌లో బిగించాను.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "సరే యెయ్యి. పిల్లోళ్ళకు పరీక్షలుండాయి, మిషనన్నా పనికొస్తాది."

ఆమెను సార్ కుర్చీలో కూర్చోబెట్టి, నొక్కాల్సిన మీట చూపించాను. సార్ లాగే అడిగాను.

"దాచుకోవాల్సింది ఏమన్నా ఉండాదా అక్కా?"

"ల్యా."

రెండోసారి అడిగాను. "ల్యాదు లేమ్మా."

మూడోసారి అడిగాను. మీట మీద పెట్టిన వేలు వెనక్కి తీసుకుంది.

"ఉండాది."

సీడీ బయటికి తీశాను.

మొన్న పామిడి పోయినప్పుడు చూశాను. మూడు మిషన్ల ముందు పిల్లలు వంతులు వేసుకుని కూర్చున్నారు. నాలుగోది, సార్‌ది, తుండుగుడ్డ కిందే ఉంది. మిగతా గుడ్డలన్నీ దుమ్ముకొట్టుకుపోయాయి. ఆ ఒక్కటీ ఉతికి, ఆరేసి, మడతల గీతలు కనబడేలా కప్పి ఉంది.