లవోన్ వేసిన నలభయ్యో ఓటు

పొద్దున ఆరింటికి లవోన్ టెసారెక్ కాఫీ కప్పుతో వంటింటి కిటికీ దగ్గర నిలబడుతుంది. రోడ్డు మీద పోయే ప్రతి పికప్ బండినీ చూస్తుంది. నడిపేవాళ్లు స్టీరింగ్ మీంచి ఒక వేలు పైకెత్తుతారు. మా నెబ్రాస్కా ఇసుక దిబ్బల్లో పలకరింపు అంతే. ఎవరి బండైనా రాకపోతే ఎనిమిదింటికల్లా వాళ్లింటికి లవోన్ ఫోన్ వెళుతుంది.

పిల్లలు లేక మూతబడ్డ ఒంటిగది బడిలో ఇరవై ఆరేళ్లుగా పోలింగ్ నడిపేదీ ఆమే. సాయానికి ఆడపడుచు మార్విల్ ఉంటుంది. భర్త పోయి, పశువుల్ని అమ్మేశాక లవోన్‌కు తనదంటూ మిగిలిన పని అదొక్కటే.

మూడేళ్ల కిందట కౌంటీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ నవంబరులో బడికొచ్చి ఓటు వేసేవాళ్లు నలభైకి తగ్గితే అక్కడ ఇక పోలింగ్ ఉండదు. ఆపైన ఓటుకు ముప్పై రెండు మైళ్లు వెళ్లాలి.

ఆరోజు సాయంత్రం ఆరున్నరకు ముప్పై ఎనిమిది పడ్డాయి. ఏడింటికి తలుపు మూయాలి. లవోన్ ఎప్పుడూ అందరికంటే ఆఖర్న వేస్తుంది. ఆమెతో కలిపినా ఒకటి తక్కువ. ఇంటి దగ్గరే ఉండి రానివాడు ఒక్కడే, ఎమరీ స్ట్రౌడ్.

మా దగ్గర ఓట్లన్నీ రిపబ్లికన్లకే. ఏ బడిలో ఎవరికెన్ని పడ్డాయో వారపత్రికలో వేస్తారు. అంతకు నాలుగేళ్ల ముందు మా లెక్క రిపబ్లికన్లకు నలభై నాలుగు, డెమోక్రాట్లకు ఒకటి. ఆ ఒకటి ఎవరిదో పత్రిక చెప్పక్కర్లేకపోయింది. ఎమరీ దాణా కొట్లో కాలు పెట్టాడో లేదో, “ఒంటి ఓటు వచ్చాడ్రోయ్, కుర్చీ వెయ్యండి!” అని కేకలు. అతనూ నవ్వాడు. మరుసటి ఎన్నికకు మాత్రం రాలేదు.

లవోన్ ఫోన్ చేసింది.

“ఎమరీ, నాకు నలభై కావాలి.”

“ముప్పై రెండు మైళ్లు పోయేది మీరు. నేనెక్కడికీ పోనుగా.”

“వాళ్ల మీద అలక నా మీద తీర్చుకోకు. ఈ తలుపు మూతపడితే నాకేం మిగుల్తుంది?”

“ఓటు రహస్యమంటావు. అదెవరికో నా ఆవులక్కూడా తెలుసు.”

ఆమె ఇంకా వెయ్యని తన ఓటు కాగితం వైపు చూసింది. “ఈసారి అలా ఉండదులే. రా.”

“ఎలా ఉండదు?”

“రమ్మన్నానా లేదా?”

ఏడుకు పది నిమిషాలుందనగా ఎమరీ టోపీ చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు.

“దయచేశావా మహానుభావా!” అంది మార్విల్. “బిస్కట్లు అయిపోయాయి. ముక్కలున్నాయి.”

“మిగిలినవి తినడం నాకలవాటే మార్విల్.”

ఓటు వేసి, రెండు ముక్కలు నోట్లో వేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత లవోన్ తన కాగితం తీసుకుని తెర చాటుకు వెళ్లింది. తండ్రి రిపబ్లికన్, భర్త రిపబ్లికన్. బుద్ధెరిగాక ఆమె మరో పార్టీ పేరు ముందు కలం పెట్టలేదు.

“ఏంటి వదినా, కునుకు తీస్తున్నావా? నిమిషంలో వచ్చేదానివి!”

“అక్షరాలు మరీ చిన్నవేశారే” అంది లవోన్ లోపల్నుంచి.

మరుసటి వారం పత్రికలో ముప్పై ఎనిమిది, రెండు అని పడింది.

ఆ రెండోవాడెవడని దాణా కొట్లో నెల రోజులు తగువులాడుకున్నారు. కొత్తగా వచ్చిన పశువుల డాక్టరన్నారు. మార్విల్ మొగుణ్ణే అనుమానించి రెండు రోజులు మాటలు మానేసింది. ఎవరికివాళ్లు పక్కవాణ్ణి అనుమానంగా చూడటంలో ఎమరీని ఆటపట్టించే పని మర్చిపోయారు. లవోన్‌ను మాత్రం ఎవరూ అడగలేదు. అడగాలన్న ఊహే ఎవరికీ రాలేదు.

ఇప్పుడు ఆమెకు డెబ్బై నాలుగు. పోలింగ్ ఇంకా బడిలోనే జరుగుతోంది. పొద్దున ఆరుంపావుకు ఎమరీ బండి ఆమె కిటికీ ముందు నుంచి పోతుంది. స్టీరింగ్ మీంచి రెండు వేళ్లు లేస్తాయి.