పేరు పెట్టని మలుపు

వాగ్దేవికి నమస్కరించి వ్రాయుచున్నాను. అది సర్వధారి సంవత్సర ఆశ్వయుజ శుద్ధ పంచమి; పోలీసుచర్య ముగిసి మూడు వారములు. సికిందరాబాదు స్టేషనులో నా ప్రక్కన లాలాగూడ రైల్వే కార్ఖానా పనివాడొకడు కూర్చుండి, అపరాధపరిశోధన నవల అంచులలో పెన్సిలుతో "పుట్టుమచ్చ గుర్తు", "మారువేషం", "దొంగ వీలునామా" అని వ్రాసికొనుచుండెను.

"ఏమిటి నాయనా ఇవి?" అంటిని.

"అన్ని కితాబులల్ల గివే యుక్తులు, పంతులుగారూ. దొరికినకాడికి పేర్లు పెడుతున్న."

చనిపోయెననుకొన్నవాడు తిరిగివచ్చు ఘట్టమును చూపి, "దీనికి పెట్టలేదేమి? ఇదియు పాత యుక్తియే గదా" అంటిని.

"మా తమ్ముడు గడబిడల సచ్చిండన్నరు. రోజూ వచ్చి బండ్లు సూస్తున్న. గిది సుత ఉత్త యుక్తే అని నా చేతితోని ఎట్ల రాస్త?"

నేనును అతనితోబాటు వచ్చు బండివైపు చూచితిని.

కార్తీక బహుళ విదియనాడు లాలాగూడకు పోయి విచారించితిని. తమ్ముడు రాలేదు.