దర్బారు గుమ్మం

దర్బారు గుమ్మం ఛాతీ ఎత్తే ఉంటుంది. రాజుగారి ఎదుటికొచ్చే ప్రతివాడూ తల వంచాలని అలా కట్టించారు. తాతల నాటి నుంచీ కోటనే నమ్ముకున్న గైడు ఆ సంగతి చూడవచ్చినవాళ్లకు ముందుగా చెప్పడు. రాతికి నుదురు కొట్టుకున్నాక, "ఇక చరిత్ర మర్చిపోరండీ" అని నవ్వుతాడు. తను మాత్రం మాట్లాడుతూనే, వెనక్కి నడుస్తూనే, ఒడుపుగా వంగి దాటేస్తాడు. ఒకరోజు రాజుగారి మనవరాలు చేతికర్రతో వచ్చింది. ఆవిడ నుదురూ బొప్పికట్టాలని అతను ఏమీ చెప్పకుండా ముందు తను వంగి లోపలికి వెళ్లాడు. ఆవిడ బయటే నిలబడి చూసింది.

"అచ్చం మీ తాతలాగే వంగావయ్యా. ఇది మీవాళ్ల గుమ్మం. మేం వచ్చేది అటువైపు, నిలువెత్తు వాకిలి నుంచి," అంది.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక అతను తల ఎత్తుకునే ఆ గుమ్మం దాటబోయాడు. నుదురు చిట్లింది.