వెల్లుల్లి దండపై నా వాంగ్మూలం

ఈ ఉదయం గోపాలపట్నం బజారులో వెల్లుల్లి రాశి ముందు నిలబడగా, మూడో తరగతి నుంచి పెండింగులో ఉన్న నా నేరం ఒకటి గుర్తుకొచ్చింది. దగ్గొస్తే మెడలో వెల్లుల్లి దండ వేయించుకున్న మిత్రులారా, మీరే సాక్షులు.

అప్పట్లో ఓ రోజు నాకు దగ్గొస్తే, అమ్మమ్మ మెడలో దండ వేసి, చొక్కా లోపల దాచి బడికి పంపింది. మధ్యాహ్నానికి చెమటకు రెబ్బలు నలిగి, గది మొత్తానికీ వైద్యం మొదలైంది.

"ఏట్రా ఈ కంపు?" అన్నారు మాస్టారు.

నేను సవినయంగా పక్కనున్న ఎర్రయ్య వైపు వేలు చూపాను. వాళ్ల నాన్న సముద్రంలో వేటకు వెళ్లేవాడు కనుక విచారణ అవసరం లేకపోయింది.

"సేపల బుట్టలోంచి తిన్నగా బడికొచ్చేసినావేటి?" అంటూ మాస్టారు వాడిని గుమ్మం బయట నిలబెట్టారు. తరగతి నవ్వింది. నేనూ నవ్వబోయాను, దగ్గు వచ్చింది.

బడి వదిలాక, నా కాలర్‌లోంచి బయటపడిన దండ దారాన్ని ఎర్రయ్య జాగ్రత్తగా లోపలికి తోశాడు.

"దాసుకో బావ, ఎవరైనా సూత్తారు. దగ్గు తగ్గినాదేటి?"

దగ్గు మూడు రోజుల్లో తగ్గింది. ఆ సంగతి వాడికి చెప్పడానికి ముఖం చెల్లక, నా వైపు నుంచి నేటి వరకు ప్రత్యుత్తరం వెళ్లలేదు.