గుంట గట్టు మీద ధ్యానం

సిగరెట్లు మానడానికి మా ఆయన ఫోన్‌లో విని ధ్యానం నేర్చుకున్నారు. తాగాలనిపిస్తే ఆ కోరికతో పోట్లాడకుండా, అది లోపల ఎలా లేస్తుందో చూస్తూ కూర్చోవాలట. నిజంగానే మానేశారు. నేనూ సంతోషించాను.

ఇవాళ తెల్లవారుజామున కరెంటు పోయి, ఇందుకూరుపేట దగ్గర మా రొయ్యల గుంటలో ఏరేటర్లు ఆగిపోయాయి. అవి తిరగకపోతే రొయ్యలకు ఊపిరాడదు. ఒకప్పుడు ఆ చప్పుడు ఆగితే నిద్రలోంచి లేచి పరుగెత్తే మనిషి, గట్టు మీద కళ్లు మూసుకునే ఉన్నారు. నేనే పరుగెత్తి జనరేటర్ వేశాను.

"కరెంటు పోయింది, తెలవలేదా మీకు?"

"తెలిసింది. గుండె దడదడలాడింది గూడా. భయపడేది ఎవరా అని చూస్తే, లోపల ఎవురూ కనబళ్లా."

"గుంటలో రొయ్యలు కనబడతా ఉండాయి గదా."

ఆయన నవ్వారు. రొయ్యలు బతికాయి. నేను మాత్రం పొద్దుటినుంచీ ఒక చెవి గుంట వైపే వేసి ఉంచాను, ఇది రాస్తూ కూడా. ఆయన లోపల కనబడని ఆ భయపడే మనిషి ఎక్కడికి వచ్చి చేరిందో నాకు తెలుసు. మీ ఇళ్లలో ధ్యానం చేసేవాళ్లుంటే, వాళ్ల భయం ఇప్పుడు ఎవరు పడుతున్నారో చెప్పండి.