జిగురు పూసిన జంపఖానా

మొన్న హన్మకొండలో చేనేత ప్రదర్శన పెట్టారంటే వెళ్లాను. ఇలాంటి చోట్లకు నేను వెళ్లేది కొనడానికి కాదు, తిట్టుకోవడానికి. ఒక స్టాల్లో జంపఖానాలను గోడకు వేలాడదీశారు. నేల మీద పరుచుకునే వస్తువును గోడకెక్కిస్తే ధర కూడా దానితోపాటు పైకెక్కుతుంది. ఒకదాన్ని చేత్తో పట్టుకుంటే అట్టలాగా బిర్రుగా నిలబడింది. తిరగేసి చూస్తే వెనకంతా సన్నటి మెరుగు పొర. గోటితో గీకబోయాను. "ఆంటీ, గీకకండి ప్లీజ్. అది పాలిమర్ కోటింగ్. దారాలను పట్టి ఉంచుతది. మిషన్ల హీట్ చేసి పంపిస్తరు, కడిగినా పోదు" అని స్టాల్లోని అమ్మాయి అప్పజెప్పింది. పాలిమర్ అనే మాట చెవిన పడగానే ముప్పై ఏళ్ల కిందటి పుల్లటి వాసన ఒకటి నా ముక్కుకు తగిలింది. అప్పుడు చూశాను, జంపఖానా రెండు కొసలకూ వేలెడు వెడల్పున ఎర్ర అంచు, అందులో సన్నటి నల్ల గీత. ఆ అంచు మా నాయినది. ఆ స్టాల్ ఎవరిదో ఇక నేను అడగనక్కర లేకపోయింది.

కొత్తవాడలో మా ఇంట్లో సగం మగ్గానిది, మిగిలిన సగంలో మేము సర్దుకునేవాళ్లం. నాయిన అడ్డంగా పేక దారం తోసి, పంజాతో కొట్టేవాడు. పంజా అంటే ఇనుప వేళ్లున్న బరువైన దువ్వెన. ఆ దెబ్బలకు పేక ఎంత దగ్గరగా కూర్చుంటే జంపఖానా అంత కాలం బతుకుతుంది. వీధి చివర నుంచి వింటే చాలు, చప్పుడును బట్టి అది నాయిన మగ్గమో కాదో చెప్పగలిగేదాన్ని. ఆయనకు ఇంకొక పట్టింపు ఉండేది. నేసిన ప్రతి జంపఖానానూ ఒక పూట నీళ్లలో నానబెట్టి, పిండి, ఆరేశాకే కొన్నవాళ్ల చేతికిచ్చేవాడు. ముడుచుకునేది ఉంటే, రంగు దిగేది ఉంటే మన ఇంట్లోనే దిగాలి కానీ వాళ్ల ఇంట్లో కాదనేవాడు.

మా బావ, అంటే మా అక్క మొగుడు, మూడేళ్లు సూరత్ మిల్లులో పనిచేసి వచ్చాడు. పనిచేశానని ఆయన అంటాడు. నాకు తెలిసి గేటు దగ్గర నిలబడి చూసి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక జత నల్ల కళ్లద్దాలు, ఒక నీలం డ్రమ్ము, "గుజరాత్ల గిట్ల గాదు" అనే మాట తెచ్చుకున్నాడు. మా ఇంట్లో పచ్చిపులుసు తాగుతూ కూడా ఆ మాటే అనేవాడు. కళ్లద్దాలు ఇంట్లో కూడా తీసేవాడు కాదు, అందుకే గడప తగిలి రెండుసార్లు బోర్లా పడ్డాడు. డ్రమ్ములో చిక్కటి పాలలాంటి జిగురు ఉండేది. మూత తీస్తే పుల్లటి వాసన ఇల్లంతా పట్టేది.

ఆ ఏడే రఘునాథపల్లి వైపు ఒక ఊరి పెద్దలు వచ్చి, ఊరందరికీ పనికొచ్చేలా పెద్ద జంపఖానా ఒకటి నేయమన్నారు. మంచికీ చెడుకూ అదే పరుచుకుంటామన్నారు. సరిగ్గా అప్పుడే నాయిన కుడి భుజం పట్టేసింది. పంజా ఎత్తితే పళ్లు బిగబట్టేవాడు. గడువు దగ్గర పడింది. బావకు కావలసిందీ అదే. "మామా, గిన్ని దెబ్బలెందుకే? సగం పేక ఎయ్యి. ఎనుకనుంచి గీ జిగురు ఒక్క చెయ్యి పూస్తే దారం దారం పట్టుకుంటది. ఇగ ఫికర్ లేదు" అన్నాడు. అల్లుడి మాట మీద నాయినకు ఎంత నమ్మకమో నాకు తెలుసు. ఆయన బావ మొహం వైపు కూడా చూడలేదు, నా వైపు చూశాడు. "బిడ్డా, నువ్వు సదువుకున్నవు గదా. గిది నీళ్లకు ఆగుతదా?" అని అడిగాడు.

నేనప్పుడు బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడు. మా ఇంట్లో నన్ను అలాంటి ప్రశ్న అడగడం అదే మొదటిసారి. గొంతు సవరించుకున్నాను. "ఇది పాలిమర్ నాయినా. అణువులన్నీ గొలుసు లెక్క కలిసి పొరయితయి. ఆరినంక నీళ్లకు కరగదు" అన్నాను. ఇలాంటి జిగురును వేడిచేసి గట్టిపరచాలనే వాక్యం కూడా నా పుస్తకంలోని అదే పేజీలో ఉంది. పరీక్షలో రాదని దాని పక్కన పెన్సిల్‌తో ఇంటూ పెట్టుకున్నాను. నాయిన సరేనన్నాడు. సగం పేకతో నేసిన దానికి నేనూ బావా చెరో కుంచె పట్టి జిగురు పూశాం. ఎండలో ఆరబెట్టాం. మెరుగు పోతుందని బావ అడ్డుపడటంతో నీళ్లలో నానబెట్టకుండానే పంపించాం. చూడటానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

మూడు నెలలకు ఆ ఊళ్లో ఒక పెద్దాయన చనిపోయాడు. వచ్చినవాళ్లంతా ఆ జంపఖానా మీదే కూర్చున్నారు. చావింట పరిచిన దాన్ని తడిపి ఉతకకుండా మళ్లీ ఇంకొక ఇంటి గడప తొక్కనివ్వరు. సూరత్ మిల్లుకు ఈ సంగతి తెలియదు, నా పుస్తకానికీ తెలియదు. కొత్తవాడలో పుట్టి పెరిగిన నాకూ బావకూ మాత్రం తెలిసి ఉండాల్సింది. వాళ్లు చెరువులో ముంచితే నీళ్లు తెల్లగా పాలయ్యాయట, పేకంతా జారి ఒక పక్కకు కుప్పపడిందట. దాన్ని మూటగట్టి ఆటోలో తెచ్చి మా గడప ముందు పడేశారు. "ఏందే పెద్దమనిషీ, మేమడిగింది జంపఖాననా, చేపల వలనా? నలుగుట్ల మా ఇజ్జత్ పోయింది" అని ఒకాయన అరిచాడు. వాళ్ల ఆటో వీధి మలుపు తిరగకముందే బావ కాజీపేట స్టేషన్లో ఎవరినో రైలెక్కించాలని వెళ్లిపోయాడు. ఎక్కించవలసిన ఆ మనిషి ఎవరో మా అక్కకు ఈ రోజుకూ తెలియదు. నేను తలుపు వెనక నిలబడ్డాను. ఆయన స్టేషన్ దాకా పోయాడు, నేను తలుపు దాకా పోయాను, అంతే తేడా.

నాయిన మూట విప్పి, ఎర్ర అంచు మీద చెయ్యి పెట్టి, "నాదే, తప్పు నాదే. ఇంకోటి నేసిస్త" అన్నాడు. అల్లుడి పేరెత్తలేదు, నా పేరూ ఎత్తలేదు. పట్టేసిన భుజానికి గుడ్డ కట్టుకుని రెండు నెలలు పంజా కొట్టాడు. నేసినదాన్ని నానబెట్టి, ఆరేసి, తానే తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు. దానికి ఎర్ర అంచు లేదు. "అంచెందుకు ఎయ్యలే నాయినా?" అని అడిగాను. "అది జూసే నమ్మిండ్లు బిడ్డా" అన్నాడు. మళ్లీ జన్మలో ఆ అంచు నేయలేదు. నన్ను కూడా మళ్లీ ఏదీ అడగలేదు. దవాఖాన చీటీలు సైతం పక్కింటివాళ్లతో చదివించుకునేవాడు. నేను ఇంట్లోనే, ఎదురుగానే ఉండేదాన్ని.

నాయిన వదిలేసిన ఆ అంచును సిగ్గులేకుండా ఏరుకుని బావ ఇప్పుడు జంపఖానాల యూనిట్ పెట్టాడు. ఆయన బండారం బయటపెట్టాలనే కసితోనే స్టాల్లో ఆ జంపఖానా కొన్నాను. ఇంటికి తెచ్చి పెద్ద టబ్బులో ముంచి, ఎదురుగా కుర్చీ వేసుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నాను. తిట్లన్నీ నోట్లో సిద్ధం చేసుకున్నాను. నీళ్లు తెల్లబడలేదు. పైకి తీసి పిండితే ఒక్క దారం కూడా కదల్లేదు. ఇప్పుడు ఆ మిషన్ వేడి ఉంది మరి. నేను ఇంటూ పెట్టిన వాక్యం నా కన్నా బావకే ఉపయోగపడింది. తడిసిన ఎర్ర అంచును సాపు చేసి దండెం మీద ఆరేశాను. నీళ్లకు ఆగుతుందని నాయినకు నేను చెప్పిన మాట ముప్పై ఏళ్లకు నిజమైంది. అడిగిన మనిషి పోయి పదకొండేళ్లయింది.