చేతులకు పని, చెవులకు నవల

నాంపల్లి స్టేషను దగ్గరి ఒక ప్రెస్సులో నేను ప్రూఫులు దిద్దేదాన్ని. మాది బందరు వైపు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మావారి ఉద్యోగం మమ్మల్ని హైదరాబాదుకు లాక్కొచ్చింది. బైండింగు గదిలో ఫారాలు, అంటే పదహారేసి పేజీలు అచ్చయిన పెద్ద కాగితాలు, మడిచే ఆడవాళ్లకు చదువు రాదు. పేజీలు తలకిందులుగా మడిచేస్తున్నారని విసిగిపోయి, రోజూ భోజనాల వేళ వాళ్లకు నాలుగక్షరాలు నేర్పమని ప్రెస్సు యజమాని సేటు నన్ను పురమాయించాడు. నాకేమో ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. అయినా ఏడాది తిరిగేసరికి అందరూ కూడబలుక్కుని చదవసాగారు.

చిక్కు అక్కడే వచ్చింది. మడవని ఫారంలో పేజీలు కొన్ని ఇటు, కొన్ని అటు తలపెట్టి పడుకుని ఉంటాయి. అప్పుడు అచ్చవుతున్నదేమో నవల. వీళ్లు మడవడం మానేసి, కాగితాన్ని తిరగలిలా తిప్పుతూ చదవడం మొదలుపెట్టారు. పైగా ఒక్కొక్కరి ముందు ఒక్కో ఫారం.

“నా దాంట్ల పెండ్లిచూపులే ఉన్నయి. పెండ్లి నీ తాన ఉన్నదా ఏంది?”

“లేదక్కా, నా తాన పిల్ల అలిగి తల్లిగారింటికే పోయింది!”

నాకు నవ్వాగలేదు. సేటుకు మాత్రం ఒళ్లు మండింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది పాపం. “ఏందమ్మా, సదువు నేర్పుండ్రి అంటే పని మరిపిస్తున్రు! రేపటి సంది క్లాసు బంద్” అన్నాడు.

ఆ ఆడవాళ్లలో పెద్దామె మొహం చిన్నబోయింది. కోఠిలో కళ్లద్దాలు కొనుక్కుని మరీ నేర్చుకున్న మనిషి. అందరికంటే నెమ్మదిగా చదివేదీ ఆమే. “ఇప్పుడిప్పుడే అక్షరాలు ఆనుతున్నయమ్మా. గిప్పుడు ఆపితే అన్నీ మరిచిపోత” అంది. కాసేపటికి ఆమే సేటు దగ్గరికి వెళ్లి అడిగింది.

“ఒకరం సదువుతం, కడమోళ్లు మడుస్తరు. సదివేటామె పని మేమే పంచుకుంటం. చేతులకే గద పని, చెవులు ఖాళీనే గద సేటూ?”

“ఈ నవల అయ్యేదాంక చూస్త. పని ఆగిందా, క్లాసు బంద్” అన్నాడు సేటు.

వంతులవారీగా చదువుకున్నారు. పని ఎక్కడా ఆగలేదు. ఆఖరి ఫారం పెద్దామె వంతుకొచ్చింది. నవలలో అలిగిన పిల్లను తీసుకుపోవడానికి మొగుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సరిగ్గా అక్కడ ఆమె ఒక మాట దగ్గర తడబడింది. వినేవాళ్ల చేతులన్నీ ఆగిపోయాయి. తలెత్తి చూస్తే వాకిట్లో సేటు. పెద్దామె ఠక్కున కాగితం దించేసింది. అయిపోయింది మా క్లాసు, అనుకున్నాను.

సేటు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఆపినవేంది? సదువు. గా పిల్ల మొగనితోని పోయిందా, లేదా?”